అడగకుండా వేసిన చెయ్యి

జూలై 11, శుక్రవారం

కాలి కట్టు ఇవాళ విప్పారు. పదిహేడు రోజుల తర్వాత నా ఎడమ కాలు నాకే కొత్తగా ఉంది. పాలిపోయి, పొట్టు లేచి, ఎవరిదో తెచ్చి అతికించినట్టు. తార్నాకలో కదులుతున్న బస్సు దిగబోయి చీలమండ దగ్గర ఎముక చిట్లించుకున్నప్పటి నుంచి ఈ గదిలోనే మంచానికీ కుర్చీకీ మధ్య బతికాను. ఒక మేలు జరిగింది. నాలుగో చాప్టర్ పూర్తయింది. ఇరవై ఎనిమిదిన సెమినార్. ఆరేళ్ల నుంచి సాగుతున్న పీహెచ్‌డీ. ఇంకోసారి గడువు ఇవ్వరని మా గైడ్ సార్ చెప్పేశారు.

అమ్మకు కాలు విరిగిందని చెప్పలేదు. బెణికిందని చెప్పాను.

జూలై 13

మెట్లెక్కితే ఆయాసం. మా గదికి పద్నాలుగే మెట్లు. ఇన్ని రోజులు కదలకుండా కూర్చుంటే రాదా మరి.

పిక్క బిగుసుకున్నట్టు ఉంది. కట్టు వల్ల.

జూలై 15, మంగళవారం

రాసి పడుకుంటేగానీ ఈ కోపం దిగేలా లేదు.

పొద్దున పదింటికి క్యాంపస్ గేటు దగ్గర ఆటో దిగి డిపార్ట్‌మెంట్‌కు నడుస్తున్నాను. సగం దూరంలో ఊపిరి అందలేదు. లోపలికి గట్టిగా పీలిస్తే కుడి పక్కన పొడిచినట్టు నొప్పి. చెట్టు కింద కూర్చున్నా తగ్గలేదు. ఇంకో ఆటోను ఆపి ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లాను. నాతో గదిలో ఉండే అమల రామంతాపూర్‌లో బడిపంతులమ్మ. తనకు ఫోన్ చేస్తే మధ్యాహ్నం దాకా రాలేనంది.

కౌంటర్‌లో పేరు చెప్పాను, ఆయాసమని చెప్పాను. కూర్చోమన్నారు. నలభై నిమిషాలు కూర్చున్నాను. పక్క కుర్చీలో ఒక ముసలామె నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. లేపాలనిపించలేదు.

అప్పుడు వచ్చాడు ఆ మనిషి. యాభై దాటి ఉంటాయి. నర్సు పని చేసే మగవాళ్లను అక్కడ బ్రదర్ అంటారు. జేబు మీద ఇన్నయ్య అని ఉంది. నన్ను చూడగానే అరుపు.

“ఏందమ్మా, దమ్ము అందుతలేదని చెప్పాలె గదా? సినిమా టికెట్‌కు కూసున్నట్టు కూసున్నవు!”

“కౌంటర్ల చెప్పిన.”

“కౌంటరోడు డాక్టరా? లే, నడువు.”

లోపల మంచం మీద కూర్చోబెట్టి వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టాడు. నేను కుంటడం గమనించినట్టున్నాడు. “కాలుకేమైంది” అన్నాడు. కట్టు విప్పారని చెబుతుండగానే సల్వార్ మోకాలి దాకా పైకి లాగాడు. అడగలేదు. పిక్క మీద చెయ్యి వేసి నొక్కాడు. నేను అరిచాను. ఆ హాలులో ఉన్న వాళ్లంతా ఇటు తిరిగారు. తెర వేయలేదు.

“ఎన్నొద్దులైంది ఇది గిట్ల వాచి? ఆ కాలు సూడు, ఈ కాలు సూడు. సదువుకున్నోల్లు గదమ్మా మీరు!”

“అడగకుంట ముట్టుకుంటరేంది?” అన్నాను కాలు లాక్కుని.

“ముందు సూసుడు. అడుగుడు తర్వాత.” విసురుగా వెళ్లిపోయాడు.

తర్వాత డాక్టర్ అలేఖ్య వచ్చింది. ముప్పై కూడా ఉండవు. స్టూల్ లాక్కుని నా పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకుంది. ఏం చదువుతున్నారని అడిగింది. బీడీ కార్మికుల మీద పరిశోధన అంటే, వాళ్ల నానమ్మ కూడా బీడీలు చుట్టేదని చెప్పింది. ఈసీజీ చూసి, “గుండె మంచిగ ఉంది భాగ్యగారూ. పీజీ ఎగ్జామ్స్ అప్పుడు నాకు సేమ్ ఇట్లనే అయింది. టెన్షన్‌తోటి దమ్ము పట్టేస్తది” అంది. ఎన్ని రోజులైంది నాతో ఎవరైనా అంత మెల్లగా మాట్లాడి.

లేవబోతూ అడిగింది: “బ్రదర్ మీ కాలు గురించి చెప్తున్నరు.”

“అది కట్టుతోటి మేడం. ఎముకల డాక్టర్ చూసిండు.”

“వాపు చూసిండా?”

“చూసిండు.”

“కావాల్నంటే కాలుకు స్కాన్ చేపిద్దాం. మూడు గంటలు పడ్తది.”

సార్‌కు మూడింటికల్లా నాలుగో చాప్టర్ ఇస్తానని చెప్పి ఉన్నాను. అవసరమా మేడం అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆగి, మీరు చూపించుకున్నరు కదా, వద్దులెండి అంది. మాత్రలు రాసింది.

చూశాడన్నాను. కట్టు విప్పినప్పుడు చూశాడు కదా. అప్పుడు ఇంత వాపు లేదు, అంతే. అబద్ధమేమీ కాదు.

జూలై 16

ఆస్పత్రి చీటీ వెనక ఫిర్యాదులకు ఫోన్‌తో తెరిచే క్యూఆర్ కోడ్ ఉంది. తెరిచి రాశాను. ‘ఇన్నయ్య అనే సిబ్బంది నా అనుమతి లేకుండా, తెర కూడా వేయకుండా నా బట్ట పైకి లాగి కాలు పట్టుకున్నాడు. అందరి ముందూ అరిచాడు.’ డాక్టర్ అలేఖ్యను మెచ్చుకుంటూ నాలుగు వాక్యాలు.

రాసిన ప్రతి మాటా నిజమే.

జూలై 17

ఇవాళ బాగుంది. ఆయాసం లేదు. మెట్లెక్కలేదు కూడా.

జూలై 18, శుక్రవారం

ఆస్పత్రి నుంచి భానుప్రకాశ్ అనే ఆయన ఫోన్ చేశాడు. ఫిర్యాదులు చూసే ఆఫీసరట. గొంతులో బోలెడంత మర్యాద.

“మీ కంప్లైంట్ సీరియస్‌గ తీసుకున్నం మేడం. ఆయన్ని డ్యూటీల నుంచి పక్కకు పెట్టినం. కమిటీ కూసుంటది. ఒక్క మాట. మీరు కాలు పట్టుకున్నడు అని రాసిండ్రు. అంటే ఆడవాళ్లతోటి అసభ్యంగ ప్రవర్తించినట్టే కదా? అట్లనే రాసుకోవచ్చా?”

నేను ఐదో చాప్టర్‌లో ఒక పట్టిక సరిచేస్తున్నాను. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఉంది. ఊపిరి బరువుగా ఉంది.

“మీ ఇష్టం” అన్నాను.

అమలతో చెప్పాను. చపాతీ ఒత్తుతున్నదల్లా ఆగింది.

“అక్కా, ఆయన తిట్టిండు అన్నవు. గట్ల చేసిండని నాతోటి చెప్పలేదు.”

“నేను అట్ల అనలేదు. వాళ్లు రాసుకుంటమన్నరు.”

“నువ్వు కాదనలేదు కదా.”

“నాకు పని ఉన్నది అమలా.”

జూలై 19

మీ ఇష్టం అన్నాను. అవును అనలేదు.

జూలై 24, గురువారం

చేతికి సూది ఉంది, అక్షరాలు వంకర పోతున్నాయి. అమల ఈ నోటుబుక్కు తెచ్చిచ్చింది.

సోమవారం పొద్దున డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో పై అరలోని రిపోర్టు కోసం చెయ్యి చాచాను. అంతవరకే గుర్తుంది. తర్వాత నేల చల్లగా తగిలింది. మొహాలు. ఎవరో నీళ్లు చల్లారు. ఎంఏ అమ్మాయిలు ఇద్దరు నన్ను ఆటోలో మధ్యన కూర్చోబెట్టుకుని పట్టుకున్నారు. ఊపిరి పీల్చుతున్నాను కానీ లోపలికి ఏమీ రావడం లేదు. చచ్చిపోతున్నానని తెలుస్తూనే ఉంది. భయం కూడా కాదు. చెప్పలేనంత అలసట.

అదే ఆస్పత్రి. అదే హాలు. ఈసారి కూర్చోమనలేదు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టి, చెప్పులు ఎక్కడో పడేసి, ఒకరు కుడి చేతికీ ఒకరు ఎడమ చేతికీ సూదులు గుచ్చారు. ఏం చేస్తున్నారో ఎవరూ చెప్పలేదు. వాంతి చేసుకుంటే ఒక నర్సమ్మాయి తన చేత్తోనే మూతి తుడిచి, “ఏం గాదక్కా, ఏం గాదు” అంది. అదే అమ్మాయిని అటు పక్క నుంచి ఎవరో పిలిచారు. వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆ రోజు డ్యూటీ డాక్టర్ పెద్దాయన. పార్థసారథి. పోయిన మంగళవారం నాటి నా కాగితం తెప్పించుకుని చదివాడు. నా మీదుగా వంగి అడిగాడు.

“కాలు సంగతి ఇందుల రాసి ఉన్నదమ్మా. స్కాన్ చేయించుకున్నరా?”

తల అడ్డంగా ఊపాను.

“ఎందుకు?”

జవాబు చెప్పేంత ఊపిరి లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదేమో. ఆయన ఇంకేమీ అడగకుండా నేరుగా ఛాతీ స్కాన్‌కు పంపాడు. పిక్కలో గడ్డకట్టిన రక్తం తెగి ఊపిరితిత్తిలోకి వెళ్లిందట. అందుకే ఆయాసం. అందుకే ఆ పొడుపు. రక్తం పలుచబడే మందు వెంటనే ఎక్కించారు. ఆ తర్వాత మంచం ఖాళీ లేదని వరండాలో స్ట్రెచర్ మీద నాలుగు గంటలు ఉంచారు. పోయే వాళ్లు వచ్చే వాళ్లు స్ట్రెచర్‌ను తుంటితో నెట్టుకుంటూ పోయారు. ఒంటేలుకు పోవాలంటే ఎవరిని అడగాలో తెలియక బిగబట్టుకున్నాను.

బతికించారు. వరండాలో మర్చిపోయారు. రెండూ వాళ్లే.

జూలై 25

పార్థసారథి డాక్టర్ రౌండ్స్‌కు వచ్చినప్పుడు ఆ పాత కాగితం చూపించమని అడిగాను. ఫైలు నా ఒళ్లో పెట్టాడు. డాక్టర్ అలేఖ్య గుండ్రటి అక్షరాల పైన, తొందరలో రాసిన ఇంగ్లీషు ముక్కలు. ఎడమ పిక్క వాపు, కుడిదాని కన్నా లావు. నొక్కితే నొప్పి. ఈమధ్యే కట్టు విప్పారు. గడ్డ అనుమానం. డాక్టర్‌కు చెప్పాను. కింద సంతకం, ఇన్నయ్య.

‘డాక్టర్‌కు చెప్పాను’ కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

“ఈ రెండు లైన్లు లేకపోతే నేను ముందుగాల న్యుమోనియా అనుకుంటుంటి. సగం పూట అటే పోతుండె” అన్నాడు ఆయన. సగం పూట పోతే ఏమయ్యేదో చెప్పలేదు.

సాయంత్రం డాక్టర్ అలేఖ్య వచ్చింది. కళ్ల కింద నలుపు. స్టూల్ ఉంది కానీ కూర్చోలేదు.

“బ్రదర్ రెండుసార్లు చెప్పిండు నాకు. నేను వినాల్సి ఉండె. సారీ భాగ్యగారూ.”

ఎముకల డాక్టర్ వాపు చూశాడని మీరే కదా చెప్పింది అని ఆమె అనలేదు. అంటే బాగుండేది. నేను కూడా ఆ మాట ఎత్తలేదు. పర్లేదు మేడం అన్నాను, పెద్ద మనసు ఉన్నదానిలాగా.

జూలై 26

ఇన్నయ్య బ్రదర్ ఏ డ్యూటీలో ఉంటాడని వార్డు నర్సును అడిగాను. నా చేతికి టేపు మారుస్తూ చెప్పింది.

“ఆయన లేడు మేడం ఇప్పుడు. ఎవరో పేషెంట్ కంప్లైంట్ పెట్టింది. లేడీస్‌ను గలత్‌గ ముట్టుకున్నడని. ఇరవై ఆరేండ్ల సర్వీసు, ఒక్క మాట పడలే. నోరు పెద్దది, గంతే. వాళ్ల ఆమె లచ్చమ్మ గీడనే లాండ్రీల పనిచేస్తది. పాపం, బట్టల మూట ఎత్తుకోని ఎవరి మొకం చూడకుంట పోతున్నది.”

ఎవరో పేషెంట్. ఆ పేషెంట్ చేతికే టేపు అంటిస్తోంది.

దుప్పట్లు మార్చడానికి వచ్చే ఆమెకు యాభై ఏళ్లుంటాయి. ఎవరితోనూ మాట్లాడదు. ఆమే లచ్చమ్మా అని అడగలేకపోయాను. ఆమె రాగానే కళ్లు మూసుకుంటున్నాను.

జూలై 28

సెమినార్ రోజు. వాయిదా వేశారట. ఎప్పటికో చెప్పలేదు.

ఆగస్టు 1, శుక్రవారం

నిన్న ఇంటికి పంపారు. ఆరు నెలలు మాత్రలు. పద్నాలుగు మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగాను. అమ్మకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. రేపు బస్సెక్కుతానంది.

ఆస్పత్రి కమిటీకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. మూడు కాగితాలు చింపాను. ఒకదాంట్లో తప్పంతా నాదే. చదివితే నాకే నాటకంలా ఉంది. ఇంకోదాంట్లో తప్పు భానుప్రకాశ్‌ది. మూడోదాంట్లో ఎవరిదీ కాదు.

అమల మంచం చివర కూర్చుని జడ వేసుకుంటూ చూస్తోంది.

“ఏం, రాస్తలేవా?”

“ఆయన అడగలేదు అమలా. అది నిజమే. అందరి ముంగట సల్వార్ గుంజిండు. నాకు సిగ్గైంది. అది గూడ నిజమే.”

“మరి గదే రాయి.”

“అట్ల రాస్తే ఆయన్ను మళ్ల ముంచినట్టు కాదా?”

“నిజం రాస్తే ఎందుకు మునుగుతడు? నువ్వు మీ ఇష్టం అన్నవు చూడు, దానితోటి మునిగిండు.” జడకు రబ్బరు బ్యాండు వేసి లేచింది. “అది గూడ రాయి.”

అమల నాకన్నా తొమ్మిదేళ్లు చిన్న.

రాశాను. ఆయన అడగకుండా కాలు ముట్టుకున్నాడు, అరిచాడు. చెడ్డగా ముట్టుకోలేదు. జబ్బు వెతికాడు, దొరికింది. ఆయన మాటను డాక్టర్ పక్కన పెట్టడానికి కారణం నేను చెప్పిన అబద్ధం. వాపును ఎముకల డాక్టర్ చూడలేదు. ఫోన్‌లో ‘అసభ్యంగా’ అన్న మాటకు నేను కాదనలేదు, ఎందుకంటే అప్పుడు నాకు ఆయన మీద కోపం ఉంది.

ఆ చివరి వాక్యం రాయడానికి గంట పట్టింది.

ఆగస్టు 5, మంగళవారం

కమిటీ. ముగ్గురు కూర్చున్నారు. భానుప్రకాశ్ పక్కన నిలబడ్డాడు. ఇన్నయ్య గోడ పక్కన కుర్చీలో ఉన్నాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. యూనిఫాం లేకుండా ఆయన చిన్నగా కనిపించాడు. నా వైపు చూడలేదు.

ఉత్తరం చదివాను. ఊపిరి చాలక ఒకచోట ఆగాను.

మధ్యలో కూర్చున్నాయన గడియారం చూసుకున్నాడు. “అంటే కంప్లైంట్ వాపస్ తీసుకుంటున్నరా మేడం?”

“అసభ్యంగ అన్నది తప్పు సార్. అది తీసెయ్యుండ్రి. తెర వెయ్యలేదు, అడగలేదు అన్నది ఉంచుండ్రి.”

“ఫారంల ఒకటే గడి ఉంటది. వాపస్సా, కాదా?”

“రెండూ రాసుకోరాదా?”

“రాసుకోరాదు.”

వాపస్ అన్నాను. ఆయన టిక్కు పెట్టాడు. ఇన్నయ్యను ఏమైనా చెబుతావా అని అడిగారు. లేచి నిలబడి, “ఏం లేదు సార్” అన్నాడు. నన్ను వెళ్లమన్నారు. అంతా కలిపి పది నిమిషాలు కూడా కాలేదు.

బయట వరండాలో లచ్చమ్మ నిలబడి ఉంది. దుప్పట్లు మార్చిన ఆమే. నన్ను గుర్తుపట్టింది. పేషెంట్‌గా కాదు. నేను నోరు తెరిచేలోపే తల తిప్పుకుంది.

ఆగస్టు 8

భానుప్రకాశ్ మెసేజ్. కేసు మూసేశారు. సిబ్బంది మీద ఏ మచ్చా లేదు. మా సేవలకు ఎన్ని స్టార్లు ఇస్తారు అని కింద ఐదు స్టార్లు.

ఆగస్టు 9

సార్ ఫోన్ చేశారు. సెమినార్ సెప్టెంబర్‌లో. సరే అన్నాను. సంతోషం రావాలి కదా, రాలేదు. నిద్ర వచ్చింది.

ఆగస్టు 20, బుధవారం

చెకప్‌కు రమ్మన్న రోజు. అమ్మ తోడు వస్తానంది, వద్దన్నాను. ముందు ఎమర్జెన్సీ తలుపు దగ్గరికి వెళ్లి లోపలికి తొంగి చూశాను. కుర్చీల నిండా జనం. ఒక కొత్త బ్రదర్ హడావుడిగా తిరుగుతున్నాడు. ఇన్నయ్య గురించి అడిగితే కింద రికార్డు రూముకు పొమ్మన్నాడు.

నేలమాళిగ. కట్టలు కట్టిన ఫైళ్ల మధ్య ఒక బల్ల, ట్యూబ్‌లైటు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని కాగితాలు సర్దుతున్నాడు. నన్ను చూసి లేచాడు. లేవాల్సిన అవసరం లేదు. ఎవరో ఆఫీసరు వచ్చినట్టు లేచాడు.

“కేసు పోయిందన్నరు. మళ్ల ఎమర్జెన్సీలకు తీసుకోలేదా బ్రదర్?”

“రమ్మన్నరు. నేనే వద్దన్న.”

“నా వల్లనా?”

ఫైలు అంచులు సమానం చేశాడు.

“ఇరవై ఆరేండ్లు చేసినమ్మా ఆడ. ఎవరన్న వస్తే నా చెయ్యి ముందుగాల పోతుండె, నోరు తర్వాత. ఇప్పుడు పేషెంట్ దగ్గరికి పోతే చెయ్యి ఆగుతున్నది. ఒకరోజు చేసి చూసిన. ఆడమనిషి కడుపు నొప్పని వచ్చింది. నేను సిస్టర్ కోసం ఎదురు చూసుకుంట నిలవడ్డ. ఆగే చెయ్యి ఆడ పనికిరాదు.”

“తప్పు నాది బ్రదర్. ఆ మాట నేను రాయనియ్యకుండ ఉండాల్సి ఉండె.”

“అవును” అన్నాడు. మర్యాదకు కూడా కాదనలేదు. నాకు అదే నయమనిపించింది.

“కాని మీరు అడగాల్సి ఉండె” అన్నాను. ఎందుకన్నానో తెలియదు. క్షమాపణ చెప్పడానికి వచ్చి.

కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. కమిటీ ముందు కూడా చూడని మనిషి.

“అడిగితే వద్దంటుంటివి.”

“అంటుంటి. అయినా అడగాలె.”

కళ్లద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

“నిజమేనమ్మా” అన్నాడు. “తెర ఏసి, అడిగి, నువ్వు వద్దంటే ఎందుకో సమజ్ చేసి చెప్పాలె. మంది ఎక్కువున్నరు, నా తలకాయ గరం ఉన్నది. గవి సాకులే.” మళ్లీ కూర్చున్నాడు. “ఎట్లున్నది కాలు?”

“సాయంత్రానికి జర వాస్తుంది.” సల్వార్ అంచు పట్టుకుని మోకాలి కింది దాకా ఎత్తాను. “చూస్తరా?”

బల్ల మీదుగా ముందుకు వంగి చూశాడు. చాలాసేపు, ఆ కాలినీ ఈ కాలినీ మార్చి మార్చి చూశాడు. రెండు చేతులూ ఫైళ్ల మీదే ఉన్నాయి. ఒక వేలు మాత్రం లేచి మళ్లీ కిందికి దిగింది.

“తగ్గినట్టే కనవడుతున్నది” అన్నాడు. “కండ్లతోటి చూస్తే తెల్వదమ్మా. పైకి పొయ్యి డాక్టర్‌కు చూపియ్. నొక్కి చూడుమని చెప్పు.”

అంచు దించుకున్నాను. లిఫ్టు పని చేయడం లేదు. మెట్ల మధ్యలో ఒకసారి ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎక్కాను.